పసుపు మీద నీలం

ఆ సాయంత్రం రేసు టవర్‌లో నల్ల కారు డ్రైవర్ అన్న మాట ఇది: "ఎవరో ముసలావిడ నీలం జెండా ఊపుతోంది, అంతే. పసుపు లేదు." ఇంత చిన్న మాటలో మూడు తప్పులున్నాయి. నీలం ఊపింది ముసలావిడ కాదు, ముసలాయన. పసుపు ఉంది. ఇక ఆ "ఎవరో" ఉంది చూడండి, అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమె పేరు ఆర్లీన్ వోయ్టా. కెటిల్ రిడ్జ్ కార్ల రేసు ట్రాక్‌లో తొమ్మిదో మలుపు జెండాలవాళ్ళకు ఇరవై ఆరేళ్ళు పెద్దగా ఉంది. జీతం లేదు. ఏడాదికో టోపీ ఇస్తారు, మధ్యాహ్నం సాసేజీ పెట్టిన గట్టి రొట్టె, సాయంత్రం గేట్లు మూశాక బీరు. విస్కాన్సిన్‌లో ఆగస్టు ఎండకు పొద్దున ఏడు నుంచి నిలబడేవాళ్ళకు అంతే.

మిగతా రోజుల్లో ఆమె మా ఊరి స్నానపు తొట్ల కర్మాగారంలో ఎనామిల్ తనిఖీ చేసేది. ముప్పై నాలుగేళ్ళు చేసింది. తొట్టిని ఎదురుగా చూడదు. మెడ వంచి, దీపం వెలుగు ఏటవాలుగా పడేట్టు చూస్తుంది. సూదిమొనంత బొబ్బ కనబడినా ఎర్ర మైనంతో గీత పెడుతుంది. ఒకసారి షిఫ్టు మేస్త్రీ వచ్చి, "లారీ బయట నిలబడి ఉంది, ఈ పదకొండూ వదిలెయ్యి తల్లీ" అన్నాడట. "లారీ ఇంకో పూట నిలబడితే నష్టం లేదు. తొట్టి నలభై ఏళ్ళు ఉండాలి" అని పదకొండింటికీ గీత పెట్టింది. ఆ మేస్త్రీ ఏడాది పాటు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఆ సంగతి గమనించినట్టు కూడా లేదు.

ట్రాక్‌కు మొదట తీసుకొచ్చింది ఆమె భర్త రే. అతను కార్లను చూశాడు, ఈమె జెండాలవాళ్ళను చూసింది. మరుసటి ఏడు వెళ్ళి పేరిచ్చింది. కొన్నేళ్ళకు రే మంచు పడని చోటు కావాలని అరిజోనా బయల్దేరాడు. నువ్వూ రమ్మన్నాడు. "ఆగస్టులో రేసు ఉంది" అందట. ఆ ఒక్క మాట మీదే విడిపోయారని ఊళ్ళో నవ్వుకుంటారు. నేనైతే అందులో నవ్వడానికేమీ లేదనుకుంటాను.

ఆమె పని తెలియాలంటే రెండు జెండాల సంగతి తెలియాలి. ఆరుగంటల పందెంలో మూడు తరగతుల కార్లు ఒకే దారిలో పరిగెడతాయి. ఎవరి తరగతిలో వాళ్ళకు గెలుపు. మొదటి తరగతి కారు ఆ ఆరుగంటల్లో మూడో తరగతి కారును ఇరవైసార్లయినా దాటుతుంది. అందుకని నీలం జెండా: వెనక నీకంటే వేగమైనవాడు వస్తున్నాడు, చూసుకో. పసుపు జెండా వేరు: ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించు, ఎవరినీ దాటకు. జెండా అరుగు మీద ఇద్దరు వీపు వీపు కలిపి నిలబడతారు. నీలం పట్టినవాళ్ళు వచ్చే కార్లను చూస్తారు, పసుపు పట్టినవాళ్ళు మలుపు అవతలి దారిని చూస్తారు. ఒకరు చూసేది రెండోవారికి కనబడదు. పసుపు లేచిందంటే నీలం దిగిపోవాలి. మా పనికి అదే ఓనమాలు.

తొమ్మిదో మలుపు మిట్ట మీద ఉంది. ఎక్కేవాడికి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. అవతల ఏముందో చెప్పేది జెండా ఒక్కటే. అప్పటికి మా ట్రాక్‌కు జెండాలకు బదులు పెట్టే దీపాల బోర్డులు రాలేదు. ఆఫీసువాళ్ళిచ్చే జెండాల బట్ట పలచన, గాలికి కర్రకు చుట్టుకుపోయేది. ఆర్లీన్ మందపు బట్ట కొని, ఇంట్లో కుట్టుకుని, అంచు మడతలో చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు పెట్టుకుంది. ఆమె జెండా చుట్టుకోగా నేను ఒక్కసారీ చూడలేదు.

ఆమె వీపుకు వీపుగా ఇరవై నాలుగేళ్ళు నిలబడినవాడు నార్బ్ క్లెమ్మర్. పాల ట్యాంకరు నడిపి రిటైరయ్యాడు. ఆ ఏటికి డెబ్బై ఒకటి. ఇద్దరికీ మధ్య మాటలు ఇట్లా ఉండేవి.

"ఏం ముసలోడా, ఆవపచ్చడి రొట్టెకు పూస్తున్నావా, చొక్కాకా?"

"చొక్కా కూడా పొద్దుట్నుంచి ఏమీ తినలేదు పిల్లా."

"మీ ఆవిడ ఎట్లా భరిస్తోందో."

"ఆమెకు కళ్ళు సరిగ్గా కనబడవు. దేవుడు అన్నీ చూసి జత కలుపుతాడు."

నేను వాళ్ళ వెనక హెడ్‌సెట్ పెట్టుకుని టవర్‌తో మాట్లాడేవాడిని. బతుకుతెరువుకు పాల తొట్లకు వెల్డింగు చేస్తాను. ఆ ఏడు మే నెలలోనే ఆర్లీన్ నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"నార్బ్‌కు ఎడమ చెవి పోయింది, డెల్. కుడిది కూడా పోతోంది."

"ఆఫీసుకు చెప్పావా?"

"కళ్ళు గద్ద కళ్ళు. అరిస్తే వినబడదని, పసుపు ఎత్తగానే మడమతో వాడి పిక్క మీద తంతాను, నీలం దించుతాడు. సరిపోతోంది."

సరిపోదని నాకు అనిపించలేదు. ఆ కార్ల హోరుకు మేమందరం చెవులకు డిప్పలు పెట్టుకునే ఉంటాం, సైగలతోనే బతుకుతాం. మలుపులో చెవిటివాడు ఎవడో మంచి చెవులవాడు ఎవడో ఎవరికీ తెలియదు. వేరే పనిలో అయితే మొదటి రోజే బయటపడేది. మా దగ్గర రెండేళ్ళు దాగింది.

ఆగస్టు పందెం నాలుగో గంటలో మూడో తరగతి ఎర్ర కారు మిట్ట దాటి గిర్రున తిరిగి, దారికి అడ్డంగా ఆగిపోయింది. నడిపేవాడు అయోవా నుంచి వచ్చిన పశువుల డాక్టరు. ఆర్లీన్ పసుపు ఎత్తి ఊపింది. మడమ వెనక్కి తన్నింది. కాలికి ఏదో తగిలింది, నార్బ్ పిక్క అనుకుంది. డాక్టరు తలుపు తీసి ఒక కాలు కింద పెడుతున్నాడు. ఆమె వాడి మీంచి చూపు తిప్పలేదు, తిప్పకూడదు కూడా.

ఆమె కాలికి తగిలింది నీళ్ళ డబ్బా. అది అక్కడ పెట్టింది నేను. పడమటి ఎండ కళ్ళలో కొడుతోందని నార్బ్ ఒక అడుగు ముందుకు జరిగి ఉన్నాడు.

మూడు కార్లు పసుపు చూసి నెమ్మదించి, ఎర్ర కారు పక్కనుంచి ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. నాలుగోది తెల్ల కారు. అది కూడా నెమ్మదించి వెనక దీపాలు మినుకుమనిపించింది. దాని వెనక మొదటి తరగతి నల్ల కారు. నార్బ్‌కు పసుపు సంగతి తెలియదు కదా, తెల్ల కారు కోసం నీలం ఎత్తాడు. ఆ నీలం సరిగ్గా ఆర్లీన్ జెండాకు అడ్డం పడింది. నేను టవర్‌కు చెబుతున్న మాట మధ్యలో వదిలి, దూకి నార్బ్ నడుము బెల్టు పట్టి లాగాను. రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లలో నల్ల కారు తెల్లదాన్ని లోపలి వైపునుంచి దాటి, మిట్ట ఎక్కి, ఎర్ర కారు తోకను కొట్టేసింది. ఒక కాలు కింద పెట్టిన డాక్టరు తలుపుతో సహా ఎగిరి పడ్డాడు. మెడ కింది ఎముక, తుంటి విరిగాయి. బతికాడు.

నల్ల కారు ఆగలేదు. ముక్కు ఊడి వేలాడుతుంటే అట్లాగే వెళ్ళి, మార్పించుకుని, మళ్ళీ వచ్చింది.

కార్లన్నీ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు రేసు అధికారి కర్టిస్ లిండెల్ జీపులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో మూడు కార్డులు. అరుగు కిందనుంచే మొదలుపెట్టాడు.

"ఆర్లీన్ గారూ, ఏం జరుగుతోందిక్కడ? పసుపే లేదంటున్నారు నల్ల కారు వాళ్ళు."

ఆమె తిరగలేదు. "కొంచెం పక్కకు జరగండి. నా జెండాకు అడ్డంగా ఉన్నారు."

"నేను మిమ్మల్ని అడుగుతున్నాను."

"నేను పనిలో ఉన్నాను. మనిషిని ఇంకా కింద నుంచి లేపలేదు. రేసయ్యాక వస్తాను."

రేసు ముగిసేదాకా ఆమె జెండా పట్టుకునే ఉంది. నార్బ్ ఏం జరిగిందని రెండుసార్లు అడిగాడు. రెండోసారి ఆమె కాలితో నీళ్ళ డబ్బాను అరుగు మీంచి తన్నేసింది. అది గడ్డిలో దొర్లి పోయింది. నార్బ్ డబ్బా వంక, ఆమె వంక చూసి అర్థం చేసుకున్నాడు.

టవర్‌లో మేం వెళ్ళేసరికి నల్ల కారు డ్రైవర్ ట్రెంట్ ఆష్‌బర్న్ కుర్చీలో వెనక్కి వాలి ఐసు వేసిన నీళ్ళు తాగుతున్నాడు. అప్పుడే ఆ "ఎవరో ముసలావిడ" అన్నాడు. అన్నాక మమ్మల్ని చూశాడు. నాకు చెయ్యి లేచింది కానీ ఆర్లీన్ మోచేత్తో నన్ను గోడకు నొక్కింది.

"ఆ ముసలావిడను నేనే. మీ ముందు తెల్ల కారు ఎందుకు నెమ్మదించింది?"

"నీలం చూసి దారిస్తున్నాడనుకున్నా."

"దారిచ్చేవాడు పక్కకు జరుగుతాడు. దీపాలు కొట్టడు."

"మేడం, నేను గంటకు నూట యాభై మైళ్ళ మీద ఉన్నాను. మీరు అరుగు మీద నిలబడి ఉన్నారు."

"అవును. మీరు తొందరలో చూడనిది నిలబడి చూడ్డానికే నన్ను అక్కడ పెట్టారు."

కర్టిస్ నల్ల కారులోని కెమెరా బొమ్మ వేశాడు. మిట్ట, అరుగు, నీలం. పసుపు కనబడలేదు. "చూశారుగా" అన్నాడు ట్రెంట్.

"బొమ్మ వెనక్కి తిప్పండి" అంది ఆర్లీన్. "ఇంకా. ఇంకా. అక్కడ ఆపండి." తెర దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడలేదు. మెడ వంచి, పక్కనుంచి, తొట్టిని చూసినట్టు చూసింది. గోరు పెట్టి చూపించింది. "ఇది."

"అదేదో మరక" అన్నాడు కర్టిస్.

"ఒక్కో బొమ్మా ముందుకు జరపండి. మరకైతే కదలదు."

జరిపాడు. గోరంత పసుపు ఎడమకు ఊగింది, కుడికి ఊగింది. నీలం లేవడానికి ముందు ఒకటిన్నర సెకను. ట్రెంట్ నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు.

"అంత చిన్నది ఎవడికి కనబడుతుంది?"

"ముందున్న నలుగురికీ కనబడింది" అంది ఆమె. "వాళ్ళలో ముగ్గురు మూడో తరగతి వాళ్ళు. కార్లు నెమ్మదివి కానీ కళ్ళు పనిచేస్తున్నాయి."

కర్టిస్ ట్రెంట్‌ను బయటికి పంపి తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు. అతను గట్టిగా మాట్లాడుతున్నప్పుడే నయమని నాకనిపించింది.

"ఆర్లీన్ గారూ, మీ మీద నాకేమీ లేదు. తప్పు నీలం ఎత్తిన ముసలాయనది. తనంతట తను చేశాడని రాసివ్వండి. డెబ్బై దాటాయి, పంపించేస్తాం, ఒక జ్ఞాపిక ఇస్తాం. మీ మలుపు మీకే ఉంటుంది. ఆ జట్టు వచ్చే ఏడు కూడా ఇక్కడికి రావాలి, అది మీకూ తెలుసు."

"నార్బ్ తనంతట తను చేయలేదు."

"మరి ఎవరి తప్పు?"

"కాగితం ఇవ్వండి."

నిలబడే రాసింది. అక్షరాలు తొట్ల మీద నంబర్లు వేసినట్టు నిటారుగా ఉన్నాయి. నార్బ్ క్లెమ్మర్‌కు వినికిడి తగ్గిందని మే నెల నుంచి తనకు తెలుసు. చెప్పలేదు. కాలితో తట్టడం సరిపోతుందనుకుంది, అది తన తప్పు. తగిలింది మనిషో వస్తువో చూసుకోలేదు, అదీ తన తప్పు. చోటు మారిన సంగతి నార్బ్ చెప్పలేదు. నీళ్ళ డబ్బా అరుగు మీద పెట్టింది డెల్. పసుపు మొదటినుంచీ ఊగుతూనే ఉంది. నలుగురు చూశారు, ఒకడు చూడలేదు, లేదా చూసీ ఆగలేదు. కింద సంతకం.

నేను నా పేరు మీద వేలు పెట్టాను. "డబ్బా సంగతి కూడా అవసరమా?" అన్నాను.

"డబ్బా అక్కడ ఉందా లేదా?"

"ఉంది."

"మరి?"

మెట్లు దిగేసరికి నార్బ్ కింద నిలబడి ఉన్నాడు. ఏం రాశావని అడిగాడు. ఆమె వాడి కుడి చెవి వైపు జరిగి, గట్టిగా, ఒక్కో మాటా చెప్పింది. వాడు పూర్తిగా విన్నాడు.

"నా చెవుల సంగతి కాగితం మీద పెట్టావా?"

"పెట్టాను."

"ఇరవై నాలుగేళ్ళు నీ వీపు కాచాను. నాతో ఒక మాట చెప్పి రాయొచ్చుగా."

"చెబితే వద్దనేవాడివి. అప్పుడు నీతో కూడా పోట్లాడాలి. నాకు ఓపిక లేదు."

"వాడు చెప్పినట్టు నా ఒక్కడి పేరే రాసుంటే నీకు మలుపన్నా మిగిలేది. ఇట్లా రాసి ఇద్దర్నీ ముంచావు. నీకు బుద్ధి ఉందా?"

"జెండా గురించి ఒకసారి అబద్ధం రాశాక, రేపు ఆ జెండా ఎత్తితే ఎవడు నమ్ముతాడు ముసలోడా? ఆ డాక్టరు నా జెండాను నమ్మి తలుపు తీశాడు."

నార్బ్ నేల మీద ఉమ్మి, తన బండి వైపు వెళ్ళిపోయాడు. బీరు దగ్గరికి రాలేదు. ఆ తర్వాత ఏడు నెలలు ఆమె ఫోను చేస్తే ఎత్తలేదు. వాడి కోపం తప్పని నేననను. ఆమె చేసింది తప్పనీ అనను. ఇద్దరి మధ్యా తంపులు పెట్టింది మాత్రం ఆ ఇస్త్రీ చొక్కావాడు, వాడికి ఒక్క గీత పడలేదు.

ఆరున్నరకు తీర్పు కాగితం ఆఫీసు గోడకు అంటించారు. నార్బ్ క్లెమ్మర్ ఇక జెండా పట్టకూడదు. ఆర్లీన్ వోయ్టా ఒక ఏడు ట్రాక్‌లోకి రాకూడదు, మలుపు పెద్దరికం రద్దు. నాకు హెచ్చరిక. నల్ల కారుకు శిక్షగా దాని సమయానికి అరవై సెకన్లు కలిపారు. దాంతో వాళ్ళు రెండో స్థానం నుంచి మూడోదానికి దిగారు. మేం ఆ కాగితం చదువుతుండగానే కిటికీ బయట వాళ్ళు మూడో బహుమతి కప్పు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు.

కర్టిస్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "మీరు కావాలంటే అప్పీలు చేసుకోవచ్చు. ఇన్నేళ్ళ సేవ ఉంది, ఆరునెలలకు తగ్గించొచ్చు."

"నాది సరిగ్గానే వేశారు" అంది ఆర్లీన్. "చెవిటివాణ్ణి నిలబెట్టాను. ఒక ఏడు తక్కువే. నేను అప్పీలు చేసేది ఆ అరవై సెకన్ల మీద."

"అది మీకు సంబంధం లేదు."

"పసుపు కింద దాటి మనిషి తుంటి విరగ్గొట్టినవాడికి ఒక్క నిమిషం. అది నా పసుపు. ఇంకెవరికి సంబంధం?"

"డ్రైవర్ శిక్ష మీద అప్పీలు ఇంకో జట్టు మాత్రమే చేయగలదు. రూలు."

"అప్పీలు కాగితం ఇవ్వమనండి."

ఇవ్వరని చెప్పి అతను వెళ్ళిపోయాడు. ఆమె ఆఫీసు కౌంటరు కిటికీ దగ్గర నిలబడింది. లోపల కూర్చున్న అమ్మాయి కంప్యూటర్ మూసింది, సంచి సర్దింది, దీపం ఆర్పబోయింది. ఆర్లీన్ కదలలేదు. వెనక లైనులో ఇద్దరు చేరారు. చివరికి ఆ అమ్మాయి సొరుగు లాగి ఒక ఫారం బయటికి తోసింది. "ఏడింటికి మూసేస్తాం. ఈలోగా రాసిస్తే ముద్ర వేస్తాను. ఆ తర్వాత వాళ్ళిష్టం."

ఆమె కిటికీ అంచు మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు వంకర పోలేదు. ఎవరి మీద, ఏ రూలు, ఏ గంట, ఏ నిమిషం. సాక్షులు అన్నచోట నాలుగు కార్ల నంబర్లు వేసింది. నేను అయిదో సాక్షినని చెప్పి నా పేరు కూడా వేయమన్నాను. వేసింది.

పైన ఒక గడి ఖాళీగా మిగిలింది. అప్పీలు చేసే జట్టు పేరు.

"అది నింపకపోతే తీసుకోరు" అంది అమ్మాయి.

ఆర్లీన్ ఆలోచించలేదు. తొమ్మిదో మలుపు అని రాసి, కాగితం లోపలికి తోసి, ముద్ర పడేదాకా అక్కడే నిలబడింది.